షెల్ అన్న మాట తగిలితే అర్థం ఎలా పట్టుకోవాలి

ఇంగ్లీషులో షెల్ అని కనిపిస్తే డిక్షనరీ తెరిచి మొదటి అర్థం తీసుకోకండి, అక్కడ గవ్వ నుంచి ఫిరంగి గుండు దాకా అన్నీ వరసగా ఉంటాయి, చదివాక ముందుకన్నా ఎక్కువ కన్ఫ్యూజ్ అవుతారు. నేను చేసేది ఒకటే, ఈ పెంకు లోపల ఏముంది అని అడుగుతా. ప్రాణి ఉందా, గింజ ఉందా, మందుగుండు ఉందా, ఏమీ లేదా? సగం పని అక్కడే అయిపోతుంది.

లోపల ప్రాణి ఉంటే తెలుగులో ఒక్క మాటతో సరిపెట్టలేం. నత్తకి గుల్ల, ముత్యానికి చిప్ప, తాబేలుకి డిప్ప, గుడ్డుకి పెంకు, అదే సముద్రం ఒడ్డున ఏరుకునేదైతే గవ్వో శంఖమో. అందుకే ఏ ప్రాణో తేలకుండా అనువాదం మొదలుపెట్టొద్దు. ఇంకోటి, ఇవన్నీ ఒకే సరుకు కాదు. నత్తగుల్లా గుడ్డుపెంకూ ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్, వెనిగర్‌లో వేస్తే బుడగలొస్తూ కరుగుతాయి. తాబేలు డిప్ప మాత్రం ఎముక, దాని వెన్నెముకా పక్కటెముకలూ అందులోనే కలిసిపోయి ఉంటాయి, పైన మన గోళ్లలో ఉండే కెరటిన్ పలకలు. కార్టూన్లలో తాబేలు చొక్కా విప్పినట్టు డిప్పలోంచి బయటికొస్తుంది చూడండి, అది జరిగే పని కాదు. పీత అలా కాదు, పెరిగినప్పుడల్లా పాత పెంకు వదిలేస్తుంది, కొత్తది గట్టిపడేదాకా దాక్కుంటుంది. సన్యాసి పీతైతే సొంతది చాలక ఖాళీ నత్తగుల్లల్లో కాపురం పెడుతుంది. కాబట్టి షెల్ మార్చింది అని ఎక్కడైనా కనిపిస్తే కుబుసంలా వదిలిందా, ఇల్లు మారిందా అని చూసుకోండి.

ఇక అందరూ జారిపడే చోటు షెల్డ్ అనే రూపం. షెల్డ్ పీనట్స్ అంటే పెంకున్న వేరుశెనక్కాయలు అనుకుంటాం కదా, కాదు, పెంకు వలిచేసిన పప్పు అది. పెంకుతో ఉన్నవి కావాలంటే ఇన్ షెల్ అనో అన్‌షెల్డ్ అనో రాస్తారు, చూడ్డానికి పూర్తిగా తలకిందులు. పైగా హార్డ్ షెల్డ్ యానిమల్ అంటే మళ్ళీ గట్టి పెంకు ఉన్న జంతువే, ఒలిచేసినది కాదు. ఒక ఊరిని షెల్ చేశారంటే మాత్రం దాని మీద గుళ్ల వర్షం కురిపించారని. తినేదైతే వలిచారు, జంతువైతే పెంకుంది, ఊరైతే పేల్చారు, నేను ఇలా గుర్తుపెట్టుకుంటా.

యుద్ధం వార్తల్లో షెల్ అంటే తూటా కాదు, లోపల డొల్లగా చేసి పేలుడు మందు నింపిన ఫిరంగి గుండు. డిటెక్టివ్ కథలో నేల మీద దొరికే షెల్ వేరు, అది తూటా వెళ్లిపోయాక మిగిలిన ఖాళీ తొడుగు. షెల్ షాక్, అంటే యుద్ధంలో సైనికుడు వణుకూ భయంతో కుంగిపోవడం, ఆ మాట మొదటి ప్రపంచ యుద్ధం నాటిది, 1915లో ఛార్లెస్ మయర్స్ అనే డాక్టర్ లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఈ పేరుతోనే రాశాడు. గుండు పక్కన పేలి మెదడు అదిరిపోవడం వల్ల వస్తుందని మొదట్లో అనుకున్నారు, తర్వాత పేలుడు దగ్గరలో లేని సైనికులకీ అవే లక్షణాలు కనబడ్డాయి. కాబట్టి గుండు దెబ్బ అని అనువదిస్తే తప్పు, అది మనసుకి తగిలిన దెబ్బ.

కంప్యూటర్ దగ్గరికొస్తే గింజా పెంకూ జంట గుర్తుంచుకుంటే చాలు. ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డు కెర్నెల్, అంటే గింజ, దాని చుట్టూ ఉండి మనం టైప్ చేసింది అందుకుని లోపలికి అందించేది షెల్. ఈ పేరు పెట్టింది లూయీ పూజాఁ, 1960ల్లో మల్టిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ పనిలో ఉన్నప్పుడు. 1971లో యూనిక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌కి కెన్ థాంప్సన్ ఒక షెల్ రాశాడు, 1979లో బోర్న్ షెల్, 1989లో బాష్ వచ్చాయి. మీ లినక్స్ లేదా మ్యాక్ మెషీన్‌లో ఏ షెల్ ఉందో చూడాలంటే టెర్మినల్, అంటే కమాండ్లు టైప్ చేసే విండో, తెరిచి ఎకో అని కొట్టి స్పేస్ ఇచ్చి డాలర్ గుర్తూ సున్నా కలిపి కొట్టండి, పేరు చెబుతుంది. టెర్మినల్ వేరు, షెల్ వేరు, టెర్మినల్ కిటికీ మాత్రమే, చాలామంది రెండూ ఒకటే అనేసుకుంటారు.

కెమిస్ట్రీలో ఎలక్ట్రాన్ షెల్ అంటే కర్పరం, మన పాఠ్యపుస్తకాల మాట అదే, కె ఎల్ ఎం ఎన్ అని పేర్లు, వాటిలో పట్టే ఎలక్ట్రాన్లు వరసగా 2, 8, 18, 32. ఇక్కడ గట్టి పెంకేమీ లేదు, శక్తి స్థాయిలే.

లోపల ఏమీ లేకపోతే? షెల్ కంపెనీ, పేపర్లవాళ్లు డొల్ల కంపెనీ అని చక్కగా పెట్టారు, రికార్డుల్లో తప్ప అసలు వ్యాపారం ఉండదు. అన్నీ దొంగవి కావు కానీ 2016లో పనామా పేపర్స్ అనే పేరుతో ఇలాంటి కంపెనీల రహస్య పత్రాలు బయటపడ్డాక ఆ మాటకి చెడ్డపేరు గట్టిగా అంటుకుంది. పెద్ద అక్షరంతో షెల్ కంపెనీ అంటే మాత్రం చమురు సంస్థ, ఆ పేరు నిజం గవ్వల నుంచే వచ్చింది, మార్కస్ శామ్యూల్ కుటుంబం లండన్‌లో గవ్వల వ్యాపారం చేసేది, 1897లో పెట్టిన సంస్థకి అదే పేరు పెట్టారు.

జాతీయాలకి పెంకు జోలికే పోవద్దు. షెల్ అవుట్ అంటే చేతి చమురు వదిలించుకోవడం, ఇన్ ఎ నట్‌షెల్ అంటే టూకీగా, షెల్‌లోంచి బయటికి రావడమంటే బిడియం వదలడం. మనిషి ఒకప్పటి తన షెల్‌లా మిగిలాడు అంటే పిప్పైపోయాడు అనండి, సరిగ్గా సరిపోతుంది.

ఆఖర్న ఒకటి, ప్రోగ్రామింగ్‌లో షెల్ సార్ట్, అంటే అంకెల్లాంటివి వరసలో పేర్చే ఒక పద్ధతి, కనిపిస్తే లోపల ఏముందని వెతక్కండి, 1959లో దాన్ని ప్రచురించినాయన పేరు డొనాల్డ్ షెల్, అంతే.