లాల్‌బాగ్‌ని ఒక్క పొద్దుట్లో తీరిగ్గా చూడటం ఎలా?

పని మీదో, అక్కడ ఉద్యోగం చేస్తున్న పిల్లల్ని చూడ్డానికో బెంగళూరు వెళ్లిన మనవాళ్లు చాలామంది లాల్‌బాగ్‌లో అడుగుపెడతారు, గాజు ఇంటి ముందు ఫోటో దిగుతారు, గంటలో బయటికొచ్చేసి "పార్కే కదా" అంటారు. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. 240 ఎకరాల తోట అది. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టాడు, టిప్పు సుల్తాన్ దూరదేశాల నుంచి మొక్కలు తెప్పించి పెంచాడు, 1856లో ప్రభుత్వ బొటానికల్ గార్డెన్ అయింది. కనీసం మూడు గంటలు పెట్టుకోండి, అదీ పొద్దున్నే.

ముందుగా ఏ రోజు వెళ్లాలో చూసుకోండి. జనవరి 26కి, ఆగస్టు 15కి ఇక్కడ పూల ప్రదర్శన పెడతారు, రోజుల తరబడి జరుగుతుంది. పూలే చూడాలనుకుంటే ఆ రోజుల్లోనే వెళ్లండి, కానీ శని, ఆదివారాలు, సెలవులు వద్దు. ఒకసారి అమ్మని సెలవు రోజున పదకొండింటికి తీసుకెళ్లాను. లైన్లోనే గంటన్నర గడిచిపోయింది, లోపల పూల కన్నా ముందువాళ్ల తలలే ఎక్కువ కనిపించాయి, ఆవిడకి కాళ్లనొప్పులు మాత్రం మిగిలాయి. తోటని తోటగా చూడాలంటే ప్రదర్శన లేని మామూలు రోజు చాలు.

తర్వాత గేటు సంగతి. నాలుగు వైపులా గేట్లున్నాయి, ఎక్కడ దిగుతామన్నదాన్ని బట్టి నడక మారిపోతుంది. మెట్రోలో అయితే, ఊళ్లోని పెద్ద బస్టాండు దగ్గరుండే మెజెస్టిక్ స్టేషన్ నుంచి గ్రీన్ లైన్లో నాలుగో స్టేషన్ లాల్‌బాగ్, అక్కణ్ణుంచి పడమటి గేటు దగ్గర. కానీ నా సలహా వేరు. పొద్దున్నే ఆటో ఎక్కి "డబుల్ రోడ్ గేట్" అని చెప్పండి, తిరుగు ప్రయాణానికి మెట్రో పెట్టుకోండి. అలా చేస్తే వచ్చిన దారినే మళ్లీ నడవక్కర్లేదు, పైగా ఎండ ముదరకముందే తోటలో ఉన్న పెద్ద రాతి బండ ఎక్కేయొచ్చు.

ఆరింటికల్లా అక్కడుంటే ముందు బండ దగ్గరికే వెళ్లండి. మనూళ్లలో బండలు కొత్తేం కాదు కాబట్టి చాలామంది పట్టించుకోరు. కానీ ఈ రాయి వయసు సుమారు 300 కోట్ల సంవత్సరాలు, భూగర్భశాస్త్రజ్ఞులు దీన్ని పెనిన్సులర్ నైస్ అంటారు, జాతీయ భూగర్భ స్మారకంగా బోర్డు కూడా ఉంటుంది. కాస్త వంగి చూస్తే లేత, ముదురు చారలు మెలికలు తిరిగి కనిపిస్తాయి. భూమి లోపలి వేడికి, ఒత్తిడికి రాయి అలా మారింది. పైన చిన్న గోపురం ఉంది, బెంగళూరు నగరాన్ని కట్టించిన కెంపేగౌడ పేరుతో పిలుస్తారు. అక్కడ పది నిమిషాలు కూర్చోండి, ఊరు మెల్లగా నిద్రలేవడం కనిపిస్తుంది. వాన పడితే మాత్రం రాయి జారుతుంది, బూట్లు వేసుకెళ్లండి, చెప్పులొద్దు.

కిందికి దిగి గాజు ఇంటి వైపు నడవండి. లండన్‌లో ఒకప్పుడున్న క్రిస్టల్ ప్యాలెస్ అనే గాజు భవనాన్ని చూసి చేసిన కట్టడం ఇది, 1889లో శంకుస్థాపన జరిగింది. పూల ప్రదర్శన లేనప్పుడు లోపల ఖాళీగా ఉంటుంది, ఆ ఇనప చట్రం అందం అప్పుడే బాగా తెలుస్తుంది. ఇక్కడ పావుగంట చాలు.

అసలు సమయం చెట్లకివ్వండి! చాలా చెట్లకి పేరున్న పలకలుంటాయి, చదవండి, పిల్లలుంటే వాళ్లతో చదివించండి. పెద్ద బూరుగు చెట్టు ఒకటుంది, దాని వేళ్లు నేల మీద గోడల్లా లేచి ఉంటాయి, పక్కన నిలబడితే మనం ఎంత చిన్నవాళ్లమో కళ్లకి కడుతుంది. ఇంకో సంగతి, మనం పప్పులో, కూరలో వేసుకునే బెంగుళూరు వంకాయ ఉంది చూడండి, దానికా పేరు ఊరికే రాలేదు. అమెరికా ఖండపు కాయ అది. లాల్‌బాగ్ సూపరింటెండెంటుగా చేసిన జాన్ కామెరాన్ ఈ తోట ద్వారానే దాన్ని ఇక్కడ అలవాటు చేశాడని చెబుతారు. అంటే మన వంటింటికి ఈ తోటతో చుట్టరికం ఉందన్నమాట. ఇది తెలిసినప్పట్నుంచి ఆ కాయ తరిగేటప్పుడల్లా నాకు లాల్‌బాగే గుర్తొస్తుంది. చెట్ల బెరడు మీద పేర్లు చెక్కేవాళ్లు కనిపిస్తే దయచేసి ఆపండి, ఆ గాయం చెట్టుతోనే ఉండిపోతుంది.

పెద్దవాళ్లు వెంట ఉంటే అంతా నడిపించకండి. బ్యాటరీ బండ్లుంటాయి, టికెట్ తీసుకుని ఎక్కించండి, మీరు చెరువు దగ్గర కలుసుకోవచ్చు. మంచినీళ్ల సీసా, టోపీ ఉంటే చాలు. ప్లాస్టిక్ కవర్లు తేవద్దు, ఏమైనా తింటే దాని కాగితం మళ్లీ సంచిలోనే పెట్టుకోండి.

చెరువుని ఆఖరికి ఉంచుకోండి. ఎనిమిదిన్నర ప్రాంతంలో నీటి మీద వెలుతురు బాగుంటుంది, కొంగలూ నీటికాకులూ కనిపిస్తాయి, రెక్కలు చాపి ఆరబెట్టుకునే నల్ల పక్షి కనబడితే అదే నీటికాకి. పక్షులకి బిస్కెట్లు, మరమరాలు వేయకండి, వాటికీ నీళ్లకీ మంచిది కాదు. కట్ట పక్కన చెట్ల నీడలో ఓ అరగంట ఫోన్ తీయకుండా కూర్చుని చూడండి, వాకింగ్ చేసే ముసలాళ్ల కబుర్లలో కన్నడంతో పాటు తమిళం, మన తెలుగు కూడా చెవిన పడతాయి.

అక్కణ్ణుంచి పడమటి గేటు దాటితే మెట్రో దగ్గరే, కానీ ఆకలేస్తుంటుంది కాబట్టి ముందు ఆటోలో గాంధీ బజార్‌కి వెళ్లండి. 1943 నుంచి ఉన్న విద్యార్థి భవన్ అనే టిఫిన్ హోటల్ అక్కడే, నెయ్యి కారే మసాలా దోసె దొరుకుతుంది. జనం ఎక్కువుంటే పేరు చెప్పి బయట నిలబడాలి, పిలిచేదాకా పక్కనున్న పూల అంగళ్లు చూస్తూ ఉండండి.