ఇంట్లో ఫిష్ అండ్ చిప్స్: క్రిస్పీగా రావాలంటే నీళ్ళ సంగతి చూస్కోవాలి

ఫిష్ అండ్ చిప్స్ అంటే పిండిలో ముంచి వేయించిన చేప, పక్కన వేయించిన ఆలుగడ్డ ముక్కలు, ఇంగ్లాండ్ వంట. ఇంట్లో చేద్దామనుకునేవాళ్ళకి ముందే ఒక మాట చెప్తా, ఇది అపోలో ఫిష్ కాదు, మన చేపల వేపుడు అసలే కాదు. మనం ముక్కలకి అల్లంవెల్లుల్లి, కారం, పసుపు, నిమ్మకాయ పట్టించి గంటసేపు పక్కన పెడతాం, రుచంతా ఆ మసాలాలోనే ఉంటది. ఇందులో అవేవీ ఉండవు. చేప చుట్టూ ఉన్న పిండి నూనెలో పడగానే గట్టిపడుతది, దాని లోపల చేప తన నీళ్ళతో తనే ఆవిరి మీద ఉడుకుతది, మొత్తం వంట అంతే. కాబట్టి చేపలో, పిండిలో, ఆలుగడ్డలో అక్కర్లేని నీళ్ళు ఎక్కడ మిగిలినా పైపొర పది నిమిషాల్లో మెత్తగైపోతది. కింద చెప్పేవన్నీ దాదాపు ఆ నీళ్ళని అదుపులో పెట్టడం కోసమే.

అసలు ఇది పనిచేసుకునేవాళ్ళ తిండి. చేపని వేయించే పద్ధతి స్పెయిన్, పోర్చుగల్ వైపు నుంచి వలస వెళ్ళిన యూదులతో ఇంగ్లాండ్ చేరిందంటారు. లండన్‌లో 1860 ప్రాంతంలో జోసెఫ్ మాలిన్ పెట్టిన షాపు మొదటిదని కొందరు, కాదు 1863లో మాంచెస్టర్ దగ్గర మాస్లీలో జాన్ లీస్ అమ్మిందే ముందని ఇంకొందరు, ఆ వాదన తేలలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో చాలా తిండి సరుకులకి రేషన్ పెట్టిన బ్రిటన్ దీని జోలికి మాత్రం రాలేదు. ఉప్పు, వెనిగర్ చల్లుకుని తినేయడమే, అందుకే చేప బాగుంటేనే ఈ వంట బాగుంటది, చేప రుచిని దాచడానికి మసాలా ఏమీ లేదు.

అక్కడ వాడేది కాడ్, హాడక్, రెండూ చల్లటి సముద్రాల చేపలు, తెల్లటి కండ, ఉడికితే పొరలు పొరలుగా విడిపోతది. మనకి ఆ గుణానికి దగ్గరగా వచ్చేది పండుగొప్ప, నన్నడిగితే మొదటి ఓటు దానికే. తర్వాత కొరమీను, మన తెలంగాణ రాష్ట్ర చేప, ముళ్ళు తక్కువ, కండ గట్టిగా ఉంటది, కానీ తోలు మందం కాబట్టి తోలు తీయించాలి. బాసా చవక, బోన్‌లెస్‌గానే దొరుకుతది, కాకపోతే ఫ్రోజెన్ బాసాలో నీళ్ళు చాలా ఎక్కువ. బొచ్చె, రవ్వ మాత్రం దీనికి వద్దు, పులుసుకి ఎంత బాగున్నా కండ మధ్యలో వై ఆకారంలో సన్నటి ముళ్ళుంటాయి, పిండి పొరలో కనపడవు, పిల్లలకి గొంతులో గుచ్చుకుంటాయి. హైదరాబాద్‌లో ముషీరాబాద్ వైపు రాంనగర్ చేపల మార్కెట్‌కి పొద్దున్నే పోతే మంచిది, కళ్ళు తేటగా, మొప్పలు ఎర్రగా ఉన్నది ఏరుకుని, కొట్టేవాళ్ళకి ముందే చెప్పండి, కూర ముక్కలు వద్దు, ముల్లు తీసి పొడుగ్గా ఫిల్లెట్ కావాలని, చెప్పకపోతే అలవాటుగా అడ్డంగా కొట్టేస్తారు. మృగశిర కార్తె రోజు మాత్రం ఈ వంట పెట్టుకోకండి, ఆ రోజు ఊరంతా చేపలకే వస్తది, రేట్లు కూడా అట్లనే ఉంటాయి.

నలుగురికి 600 గ్రాముల బోన్‌లెస్ చేప, కిలో ఆలుగడ్డ సరిపోతాయి. చేపని అరచెయ్యంత ముక్కలుగా, రెండు సెంటీమీటర్ల మందం తగ్గకుండా కోసుకోండి, మరీ పల్చగా ఉంటే పైపొర రంగు వచ్చేలోపు లోపల ఎండిపోతది. ముక్కల మీద ఉప్పు చల్లి 15, 20 నిమిషాలు ఉంచితే నీళ్ళు బయటికొస్తాయి, వాటిని టిష్యూతోనో పొడి కాటన్ గుడ్డతోనో గట్టిగా అద్ది తీసేసి, మూత లేకుండా ఫ్రిజ్‌లో పెట్టేయండి. బాసా ఐతే రెండుసార్లు అద్దాల్సిందే.

ఇక చిప్స్. ఇక్కడే ఎక్కువమంది తొందరపడతారు. కొత్త ఆలుగడ్డలు, అదే గోటితో గీస్తే తోలు ఊడొచ్చేవి, వాటిలో నీళ్ళెక్కువ, పిండి తక్కువ, అవి వద్దు. ముదురువి, కోస్తే కత్తికి తెల్లగా పిండి అంటుకునేవి తీస్కోండి, ఇంటికి తెచ్చాక ఫ్రిజ్‌లో పెట్టకండి, చల్లదనానికి అందులోని పిండిపదార్థం కొంత చక్కెరగా మారి, నూనెలో వేయగానే లోపల ఉడక్కముందే పైన నల్లబడిపోతాయి. సెంటీమీటర్‌కి కొంచెం ఎక్కువ మందంలో కోయండి, బర్గర్ షాపుల ఫ్రైస్ లాగా సన్నగా కాదు. నీళ్ళు తేటపడేదాకా కడిగి, గుడ్డ మీద పరిచి పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత రెండుసార్లు వేయించడం. మొదటిసారి 140 డిగ్రీల దగ్గర, నూనెలో మెల్లగా బుడగలు వచ్చే వేడిలో 6 నుంచి 8 నిమిషాలు, రంగు రాకూడదు, వేలితో నొక్కితే మెత్తగా ఉండాలి. తీసి జాలీ మీద పరిచి కనీసం అరగంట చల్లారనివ్వండి, ఆ అరగంటలో ఆవిరి రూపంలో పోయే నీళ్ళే రెండోసారి వేయించినప్పుడు వచ్చే కరకరకి కారణం, దయచేసి ఈ అరగంట ఎగ్గొట్టకండి.

పిండికి 150 గ్రాముల మైదా, 50 గ్రాముల బియ్యప్పిండి, ఒక టీస్పూన్ బేకింగ్ పౌడర్, అర టీస్పూన్ ఉప్పు. బియ్యప్పిండిలో గ్లూటెన్ (మైదాని సాగేలా చేసే జిగురు) ఉండదు కాబట్టి పొర సాగదు, విరుగుతది. కలపడానికి ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన చల్లటి సోడా సుమారు 220 మిల్లీలీటర్లు, బీర్ వాడేవాళ్ళు ఐతే లైట్ లాగర్ అంతే కొలతలో పోసుకోవచ్చు, ఆల్కహాల్ నీళ్ళకంటే త్వరగా ఆవిరైపోతది కాబట్టి పొర ఇంకా త్వరగా ఆరుతది. సోడాతో కూడా మంచిగ వస్తది, అనుమానం వద్దు. మిర్చీ బజ్జీ పిండి కంటే కొంచెం పల్చగా ఉండాలి, ఎక్కువ గిలకొట్టకండి, ఎక్కడైనా చిన్న ఉండలున్నా ఫర్వాలేదు, గిలకొట్టేకొద్దీ గ్యాస్ పోతది, గ్లూటెన్ సాగి పొర తోలులా తయారైతది. నూనె కాగాకే పిండి కలపండి, ముందే కలిపి పెడితే బుడగలన్నీ పోతాయి. చిటికెడు కారం వేద్దామా అని అనిపిస్తది, ఒక్కసారికి వేయకుండా చేసి చూడండి, కారం కావాలంటే సాస్‌లో వేసుకోండి.

పల్లి నూనె గానీ సన్‌ఫ్లవర్ గానీ, లోతైన కడాయిలో సగానికి మించకుండా పోసి 180 డిగ్రీలకి వేడి చేయండి. థర్మామీటర్ లేకపోతే పిండి చుక్క వేయండి, అడుగుకి పోయి వెంటనే పైకి తేలాలి, అడుగునే కూర్చుంటే ఇంకా కాగలేదు, వేయగానే ఎర్రబడితే మంట తగ్గించండి. చేప ముక్కని ముందు పొడి మైదాలో దొర్లించి దులపండి, అప్పుడే పిండి పట్టుకుంటది, తర్వాత పిండిలో ముంచి, కొస పట్టుకుని మీకు అవతలి వైపుకి మెల్లగా వదలండి, వదిలే ముందు రెండు మూడు సెకన్లు నూనెలో అటూ ఇటూ ఆడిస్తే అడుగుకి అంటుకోదు. ఒకేసారి రెండు ముక్కలకి మించి వద్దు, నూనె చల్లబడితే పొర నూనె తాగేస్తది. మధ్యలో ఒకసారి తిప్పి, మొత్తం 5 నుంచి 7 నిమిషాలు. బుడగలు బాగా తగ్గాయంటే లోపలి నీళ్ళు తగ్గుతున్నాయని అర్థం. తీసి న్యూస్‌పేపర్ మీద వేయకండి, సిరా అంటుతది, కింద ఆవిరి పట్టి మెత్తబడతది కూడా, జాలీ మీదే పెట్టండి. పొరపాటున నూనెకి మంట అంటుకుంటే నీళ్ళు పోయొద్దు, స్టవ్ ఆపి మూత పెట్టేయండి, అందుకే మూత పక్కనే ఉండాలి.

చేపంతా అయ్యాక నూనె 190కి పెంచి చిప్స్‌ని 2, 3 నిమిషాలు బంగారు రంగు వచ్చేదాకా రెండోసారి వేయించి, వేడి మీదే ఉప్పు చల్లండి. ఈలోపు చేప చల్లారుతుందనుకుంటే ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) 100 డిగ్రీల దగ్గర జాలీ మీదే ఉంచొచ్చు.

నంజుకోవడానికి టార్టర్ సాస్ బయట కొనాల్సిన పని లేదు, నాలుగు స్పూన్ల మయొనీస్‌లో సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, వెనిగర్‌లో కాసేపు నానబెట్టి పిండేసిన కీరా ముక్కలు, నిమ్మరసం, కొంచెం సోయికూర (ఇంగ్లీషులో డిల్), అంతే. ఆకుకూరల బండి మీద దొరికే ఆ సోయికూర చేపకి అంత బాగా కుదురుతదని చాలామందికి తెలీదు. మయొనీస్ మాత్రం పచ్చిగుడ్డుతో ఇంట్లో చేయకండి, తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ చివర్లో పచ్చిగుడ్డు మయొనీస్‌ని ఏడాదిపాటు బ్యాన్ చేసింది కూడా జనాలకి జబ్బులు వచ్చాకే, ఎగ్‌లెస్ ప్యాకెట్ తెచ్చుకుని, తియ్యగా అనిపిస్తే నిమ్మరసం ఎక్కువ పిండండి. బఠానీల ముద్ద కూడా కావాలంటే ఎండు పచ్చబఠానీ రాత్రి చిటికెడు వంటసోడా వేసి నానబెట్టి, పొద్దున కడిగి కుక్కర్లో మెత్తగా ఉడికించి, వెన్న, ఉప్పు వేసి మెదపండి.

మిగిలితే మైక్రోవేవ్‌లో పెట్టకండి, ఓటీజీలో 180 దగ్గర 8 నిమిషాలు చాలు. నూనె చల్లారాక గుడ్డలో వడగట్టి చేప వాసన పట్టింది కాబట్టి విడిగా పెట్టుకుని, రెండు మూడు రోజుల్లో ఇంకో చేప వేపుడుకే వాడేయండి.