మొదటి విదేశీ ప్రయాణమా? ఏడు దేశాలు వద్దు, స్పెయిన్ ఒక్కటి పెట్టుకోండి

అనంతపురంలోనో కర్నూలులోనో కడపలోనో ఎవరైనా మొదటిసారి యూరప్ వెళ్దామని అడిగితే చాలు, పది రోజుల్లో ఏడు దేశాలు అనే ప్యాకేజీ కాగితం చేతిలో పెడతారు. యూరప్ దేశాల ఉమ్మడి వీసా అయిన షెంగెన్ వీసా ఒక్కటి ఉంటే 29 దేశాలు తిరగొచ్చు, నిజమే. కానీ రోజూ పొద్దున్నే పెట్టె సర్దుకుని బస్సెక్కి, మధ్యాహ్నం ఒక చోట దిగి ఫొటో తీసుకుని మళ్లీ బస్సెక్కితే ఇంటికొచ్చాక ఏ ఊరు ఏ దేశంలోదో కూడా గుర్తుండదు. అంత డబ్బు పెట్టి వెళ్లేటప్పుడు ఒకే దేశం, మూడు నాలుగు ఊళ్లు, మధ్యలో రైలు, ఇలా పెట్టుకోండి. ఒక్క దేశంలోనే రకరకాలు చూడాలంటే స్పెయిన్ చాలా మంచిది. అల్మేరియా దగ్గర టబెర్నాస్ ఎడారి ఉంది, గ్రనాడా పక్కన సియెర్రా నెవాడాలో 3,479 మీటర్ల మంచుకొండ ఉంది, ఉత్తరాన గలీసియాలో వానా పచ్చికా, తూర్పున వరి పొలాలు కూడా ఉన్నాయి.

ముందు కాగితాలు. పాస్‌పోర్ట్‌లో ఇనీషియల్స్ పనికిరావు, ఇంటిపేరు పూర్తిగా రాయాలి, ఆధార్‌లో ఒక రకంగా పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకో రకంగా ఉంటే అది ముందే సరిచేయించుకోండి. తర్వాత విమానం టికెట్, ఇన్సూరెన్స్, హోటల్ అన్నీ పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరుతోనే ఉండాలి.

వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి, కానీ ఎండాకాలం సెలవులకు వెళ్లేవాళ్లు అపాయింట్‌మెంట్లు దొరక్క అల్లాడుతుంటారు కాబట్టి మూడు నెలల ముందే మొదలుపెట్టండి. పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు, సర్వీస్ చార్జీ వేరే. వీసా రాకపోతే అది తిరిగి రాదు. 30,000 యూరోల ఇన్సూరెన్స్ తప్పనిసరి. బ్యాంక్ స్టేట్‌మెంట్, ఐటీ రిటర్న్, ఆఫీసు నుంచి లీవ్ లెటర్, వ్యాపారమైతే జీఎస్టీ కాగితాలు పెట్టండి. అప్లై చేసే వారం ముందు అకౌంట్‌లో ఒక్కసారిగా ఐదు లక్షలు వేయించుకోవద్దు, ఆ డబ్బు ఎక్కడిదని అనుమానం వస్తుంది, నెలనెలా మీ ఆదాయం కనిపించడమే మంచిది. వీసా వచ్చేదాకా క్యాన్సిల్ చేసుకోవడానికి వీలైన బుకింగ్‌లే పెట్టుకోండి.

ఒక విషయంలో మనకు అదృష్టం ఉంది. బెంగళూరు విమానాశ్రయం దేవనహళ్లి దగ్గర, ఊరికి మన వైపే ఉంది కాబట్టి అనంతపురం నుంచి హైవే పట్టుకుని వెళ్తే సిటీ ట్రాఫిక్‌లోకి దిగక్కర్లేదు. కర్నూలువాళ్లకు శంషాబాద్ కూడా అంతే. విమానం టికెట్ తీసుకునేటప్పుడు బార్సిలోనాలో దిగి మాడ్రిడ్ నుంచి తిరిగొచ్చేలా చూడండి, వెనక్కి వెళ్లే ఒక రోజు మిగులుతుంది. దోహా, దుబాయ్ మీదుగా వెళ్తే ఇమిగ్రేషన్ స్పెయిన్‌లోనే, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే అక్కడే అయిపోతుంది, అందుకని రెండో దారిలో మధ్యలో కనీసం మూడు గంటలు ఉంచుకోండి. ఇప్పుడు వేలిముద్రలు, ఫొటో కూడా తీసుకుంటున్నారు, లైన్ పెద్దగా ఉంటుంది. హోటల్ బుకింగ్, రిటర్న్ టికెట్ ప్రింట్ తీసి చేతిలో పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

ఇక దారి. బార్సిలోనాలో మూడు రాత్రులు ఉండండి, 1882లో మొదలైన సగ్రాదా ఫమీలియా చర్చి కోసమైనా. లోపలికి పొద్దున గానీ సాయంత్రం గానీ టికెట్ తీసుకోండి, రంగు అద్దాల్లోంచి వెలుగు లోపలంతా పరుచుకుంటుంది. అక్కడి నుంచి రైల్లో వలెన్సియా. దీన్ని చాలామంది వదిలేస్తారు, మన సీమవాళ్లు మాత్రం వదలకూడదని నా గట్టి మాట. అక్కడ ప్రతి గురువారం మధ్యాహ్నం 12 గంటలకు పెద్ద చర్చి గుమ్మం దగ్గర కాలువ నీళ్ల పంచాయితీ కూర్చుంటుంది. ఎనిమిది కాలువల తరఫున రైతులు ఎన్నుకున్న ఎనిమిది మంది నల్లటి అంగీలు వేసుకుని కూర్చుని, ఎవరి వంతు నీళ్లు ఎవరు వాడుకున్నారో నోటి మాట మీదే విని అక్కడికక్కడే తీర్పు చెప్తారు. కొన్ని వందల ఏళ్ల నుంచి నడుస్తున్న దీన్ని 2009లో యునెస్కో గుర్తించింది. ఫిర్యాదులు లేని రోజు కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, కాబట్టి పదిహేను నిమిషాల ముందే నిలబడండి. కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) చివరి ఆయకట్టులో నీళ్ల కోసం ఎదురుచూసిన ఇంట్లోంచి వచ్చినవాళ్లకు ఇది చూస్తే ఎంత దగ్గరగా అనిపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ మధ్యాహ్నమే బస్సులో అల్బుఫెరా సరస్సు వైపు వెళ్తే వరి పొలాలు.

వలెన్సియా నుంచి మాడ్రిడ్‌కు స్పీడ్ రైల్లో రెండు గంటలు, అక్కడ మారి గ్రనాడా. ఆల్హంబ్రా కోటకు టికెట్లు వారాల ముందే అయిపోతాయి, వీసా రాగానే మొదట కొనాల్సింది అవే. టికెట్ మీద లోపలున్న నస్రిద్ రాజుల మహళ్లకు ఒక టైం ఉంటుంది, అది దాటితే లోపలికి పంపరు, ఒరిజినల్ పాస్‌పోర్ట్ కూడా చూపించాలి. లోపల చెక్కడాలు అందరూ చూస్తారు, మీరు నీళ్లు కూడా చూడండి. దర్రో నదికి పైన ఎక్కడో కాలువ కట్టి కోట ఉన్న కొండ మీదికి నీళ్లు పారించారు, 13వ శతాబ్దంలో. తోటలు, మెట్ల పక్కన పారే నీళ్లు, కొలనులు, అన్నీ దాని చలవే. తిరిగి మాడ్రిడ్ వచ్చేటప్పుడు కార్డోబాలో ఒక రాత్రి ఆగి, ఎనిమిది వందలకు పైగా స్తంభాలున్న మెస్కీతా, అంటే ఒకప్పటి మసీదు, ఇప్పటి చర్చి, చూడండి. మాడ్రిడ్‌లో ప్రాదో మ్యూజియం సోమవారం నుంచి శనివారం దాకా సాయంత్రం 6 నుంచి 8 వరకు ఉచితం.

రైళ్లలో మూడు కంపెనీలు పోటీ పడుతున్నాయి, ముందుగా కొంటే బాగా చవక. సామాను స్కాన్ ఉంటుంది, బయల్దేరడానికి కొన్ని నిమిషాల ముందే గేటు మూసేస్తారు, చివరి నిమిషంలో పరుగెత్తి ఎక్కడం కుదరదు.

మనకు ఎండలు అలవాటే అని జులై, ఆగస్టుల్లో దక్షిణానికి వెళ్లకండి. 40 డిగ్రీల్లో రోజంతా రాళ్ల వీధుల్లో నడవడం మన ఇంట్లో కూలర్ కింద ఉండటం లాంటిది కాదు. ఏప్రిల్, మే, లేదా సెప్టెంబర్, అక్టోబర్ మంచివి.

తిండి విషయంలో శాకాహారులు జాగ్రత్త. వెజిటల్ అని రాసిన సాండ్‌విచ్‌లో చాలాసార్లు ట్యూనా చేప, గుడ్డు ఉంటాయి, చల్లటి టమాటా సూప్ సాల్మొరేహో మీద పంది మాంసం ముక్కలు చల్లుతారు. సిన్ కార్నె, సిన్ పెస్కాదో, సిన్ హమోన్ అని మూడూ చెప్పండి, అంటే మాంసం, చేప, హామ్ (పంది మాంసం) వద్దని. టమాటా రుద్దిన రొట్టె, వేయించిన పచ్చి మిరపకాయలు పిమియెంతోస్ దె పద్రోన్ మనకు నచ్చుతాయి. రాత్రి భోజనం తొమ్మిది దాటితేనే, మధ్యాహ్నం ఒంటిగంటకు ముందు వంటగది తెరవని చోట్లే ఎక్కువ, పిల్లలతో వెళ్తే బ్యాగులో ఏదైనా ఉంచండి. శెనక్కాయల పొడి, ఆవకాయ పట్టుకెళ్లొచ్చు, నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు, పాలతో, మాంసంతో చేసినవి బయటి నుంచి తేవడం యూరప్‌లో నిషేధం.

డబ్బుకు ముందే యూరోలు నింపుకునే ఫోరెక్స్ కార్డ్, కొంచెం యూరో నోట్లు. కార్డ్ మెషిన్ రూపాయల్లోనా యూరోల్లోనా అని అడిగితే యూరోలే నొక్కండి, రూపాయలంటే రేటు ఎక్కువ వేస్తారు. బార్సిలోనా మెట్రోలో, రాంబ్లా వీధిలో జేబుదొంగలు ఎక్కువ, ఫోన్ వెనక జేబులో పెట్టొద్దు, పాస్‌పోర్ట్ అవసరం లేని రోజు హోటల్ లాకర్‌లో ఉంచి కాపీ పట్టుకెళ్లండి. ఏదైనా పోతే పోలీసులకు 112. పాస్‌పోర్టే పోతే ముందు పోలీస్ రిపోర్ట్ తీసుకుని, దాంతో మాడ్రిడ్‌లోని భారత రాయబార కార్యాలయానికి వెళ్లండి.