పనివాళ్లను పెట్టుకునేటప్పుడు కేసుల్లో ఇరుక్కోకుండా ఉండాలంటే ఏం చేయాలి?

రైసు మిల్లు, హోటల్, ఇటుక బట్టీ, బట్టల షాపు... ఏది నడిపేవాళ్లైనా నోటీసు చేతికి అందాకే నా దగ్గరికి వస్తారు. మనిషిని పనిలో చేర్చుకున్న రోజున అరగంట కూర్చుంటే అయిపోయే పనిని వదిలేసి, తర్వాత లేబర్ ఆఫీసు చుట్టూ, కోర్టు చుట్టూ తిరుగుతుంటారు. చాలామందిది ఒకటే తప్పు, అది అడ్వాన్స్. దాని దగ్గర చాలాసేపు ఆగుతాను, మిగతావి గబగబా చెప్పేస్తాను.

ముందు కావలసినవి

గట్టి అట్ట రిజిస్టరు ఒకటి, మనిషికో ఫైలు, అందరి బ్యాంకు ఖాతా నంబర్లు. కంప్యూటర్లో రాసుకున్నా సరే, నెలనెలా ప్రింటు తీసి సంతకం పెట్టించాలి. సంతకం నీలం ఇంకుతోనే, నల్ల ఇంకైతే జిరాక్సుకీ అసలుకీ తేడా తెలియదు.

1. వయసు చూడండి

14 ఏళ్లు నిండని, మీ కుటుంబం వాళ్లు కాని పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. 14 నుంచి 18 లోపు వాళ్లను గనుల్లో, మందుగుండు దగ్గర, ప్రమాదకరమైన ఫ్యాక్టరీ పనుల్లో పెట్టుకోకూడదు. దొరికితే 6 నెలల నుంచి 2 ఏళ్ల జైలు, లేదా 20,000 నుంచి 50,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఏ పని ప్రమాదకరమో కాదో లెక్కలు వేసుకుంటూ కూర్చోకుండా 18 లోపు వాళ్లను అసలు తీసుకోకండి. వయసుకు ఆధార్ ఒక్కటే చాలదు, దాన్ని పుట్టినతేదీకి రుజువుగా తీసుకోలేమని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. బడి సర్టిఫికెట్ అడగండి. ఆధార్‌లో జనవరి 1 అని కనిపిస్తే మరీ జాగ్రత్త, సరైన తేదీ తెలియనివాళ్లకు చాలాసార్లు అదే వేస్తారు.

2. మాట్లాడేటప్పుడు

పని గురించే అడగండి. పెళ్లయిందా, పిల్లలను ఎప్పుడు కంటావు లాంటి ప్రశ్నలు మీకు అనవసరం. ఒకే రకం పనికి మనిషిని తీసుకునేటప్పుడు ఆడ, మగ తేడా చూపించడం 1976 నుంచీ చట్టవిరుద్ధం, ఇప్పుడున్న వేతనాల కోడ్‌లోనూ (జీతాల గురించిన కొత్త చట్టం) అదే ఉంది. అయినా షాపు ముందు ‘మగవారు మాత్రమే కావలెను’ అని బోర్డు పెడుతూనే ఉన్నారు. అది మీకు వ్యతిరేకంగా మీరే తయారుచేసి ఇచ్చిన సాక్ష్యం. ఉద్యోగం ఇవ్వడానికి హెచ్‌ఐవీ పరీక్ష అడగడాన్ని కూడా 2017 చట్టం నిషేధించింది.

3. లెటర్ ఇవ్వండి

2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఇకమీదట అపాయింట్‌మెంట్ లెటర్ పెద్ద కంపెనీల వ్యవహారం కాదు. రెండు కాపీలు తీయండి, ఒకటి మనిషికి, ఒకటి ఫైలుకి. ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లకు వాళ్ల భాషలోనే ఇవ్వాలి, చదవలేని కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటే అది మిమ్మల్ని కాపాడదు. జీతం కనీస వేతనానికి తగ్గకూడదు. ఏప్రిల్‌లో, అక్టోబరులో డీఏ (కరువు భత్యం) మారుతుంది కాబట్టి ఆ రెండు నెలల్లో మళ్లీ లెక్క చూసుకోండి. పదిమంది అయితే ఈఎస్ఐ, లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ, ఇరవైమంది అయితే పీఎఫ్. కూలీలను కుదిర్చే మేస్త్రీ తెచ్చిన మనుషులు కూడా ఈ లెక్కలోకి వస్తారు.

4. అడ్వాన్స్ (ఇక్కడ తొందరపడకండి)

మేస్త్రీ వస్తాడు. ‘జంటకు ఇంత బయానా ఇస్తే సీజనంతా కదలరు’ అంటాడు. ఓనరు ఇస్తాడు, మనుషులు దిగుతారు. రెండు నెలలకు ఒకడు తల్లికి బాగాలేదు, ఊరికి పోతానంటాడు. ‘అడ్వాన్స్ కట్టి పో’ అని ఓనరు అంటాడు. సరిగ్గా ఆ మాటతోనే వెట్టిచాకిరీ కేసు పుడుతుంది.

ఓనర్లు అనుకునేది ఏమిటంటే వెట్టి అంటే పాతకాలంలో దొరల దగ్గర తరతరాలుగా చేసిన చాకిరీ, మనం డబ్బులిచ్చి పని చేయించుకుంటున్నాం కదా, మనకేం సంబంధం అని. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం అలా చెప్పదు. తీసుకున్న అప్పు వల్లనో అడ్వాన్స్ వల్లనో మనిషికి కనీస వేతనం దక్కకపోయినా, వేరేచోట పని వెతుక్కునే స్వేచ్ఛ పోయినా, ఊరికి వెళ్లే స్వేచ్ఛ పోయినా అది వెట్టే. ఇవన్నీ కలవాల్సిన పని లేదు, ఒక్కటి చాలు. గొలుసులు, తాళాలు ఉండక్కర్లేదు. ఇంకో మాట, 1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) కూలీల కేసులో సుప్రీంకోర్టు జస్టిస్ భగవతి ఇచ్చిన తీర్పు ప్రకారం కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడమే రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీ.

ఆ తర్వాత జరిగేది మరీ గట్టిది. అది వెట్టి బాకీ కాదని రుజువు చేయాల్సింది కూలీ కాదు, డబ్బు ఇచ్చినవాడు. వెట్టి అని తేలితే బాకీ చట్టప్రకారం రద్దయిపోతుంది, రద్దయిన బాకీని మళ్లీ వసూలు చేయడం ఇంకో నేరం. జైలు మూడేళ్ల దాకా. కూలీ ఎస్సీ, ఎస్టీ అయితే, ఓనరు ఆ వర్గాలవాడు కాకపోతే అట్రాసిటీ చట్టం కూడా తగులుతుంది, దానిలో ముందస్తు బెయిల్‌కు దారి దాదాపు మూసేసి ఉంటుంది. తెలంగాణ ఇటుక బట్టీలకు ఒడిశాలోని బలంగీర్ వైపు నుంచి వచ్చే కుటుంబాల్లో ఎక్కువమంది దళితులు, ఆదివాసీలే. ఇది తెలిసి కూడా బట్టీ ఓనర్లు బయానా లెక్కను చిన్న చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకుంటారు.

అయితే అడ్వాన్స్ అసలు ఇవ్వకూడదా? ఇవ్వొచ్చు, కానీ ఇలా. మేస్త్రీ చేతికి కాదు, కూలీ ఖాతాలోకే వేయండి. నెల జీతాన్ని దాటనివ్వకండి, ఇది చట్టంలో ఉన్న లెక్క కాదు, నేను అందరికీ పెట్టే నియమం, దాన్ని దాటిన చోటే గొడవలన్నీ చూశాను. దారి ఖర్చులకు ఇచ్చినదాన్ని జీతంలో పట్టుకోకూడదు, చట్టం ఆ మాట విడిగా చెప్పింది. అన్ని కోతలూ కలిపి జీతంలో సగం దాటకూడదు. కాగితంలో ‘ఈ డబ్బు బాకీ ఉన్నా నేను ఎప్పుడైనా పని మానేయవచ్చు’ అన్న వాక్యం ఉండాలి. ఈ వాక్యం చూడగానే ఓనర్లకు టెన్షన్ వస్తుంది, ఇది పెడితే అందరూ పోతారు కదా అంటారు. పోయేవాళ్లు పోతారు. మనిషి పోతానంటే పోనివ్వాలి, బాకీ ఉంటే సివిల్ కోర్టులో అడగాలి. ఫోన్ లాక్కోవడం, పిల్లలనో భార్యనో ఉంచి పొమ్మనడం, గేటు దగ్గర ఆపడం... వీటిలో ఏది చేసినా ఇక లాయరు చేయగలిగింది చాలా తక్కువ.

ఒరిజినల్ సర్టిఫికెట్లు, ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోవడం కూడా ఇదే కోవలోది. ప్రైవేటు కాలేజీల్లో, ట్రైనింగ్ ఇచ్చే చిన్న కంపెనీల్లో ఇది మామూలైపోయింది. చూసి, జిరాక్సు తీసి, అదే పూట తిరిగి ఇచ్చేయండి. బాండ్ సంగతి వేరు. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ బ్యాంకు కేసులో, మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న బాండ్ చెల్లుతుందని చెప్పింది. దాన్ని చూపించి ప్రతి షాపువాడూ లక్షల బాండ్ రాయించుకుంటున్నాడు. అక్కడ కోర్టు చూసింది ప్రభుత్వ బ్యాంకు మళ్లీ అందరికీ నోటిఫికేషన్ ఇచ్చి మనిషిని ఎంచుకోవడానికి అయ్యే ఖర్చును, ఆ అధికారి జీతం స్థాయిని. మీ షాపులో పదిహేను వేల జీతగాడికి రెండు లక్షల బాండ్ రాయిస్తే జడ్జి అడిగేది ‘నీకు నిజంగా ఎంత నష్టం వచ్చింది’ అనే.

5. మేస్త్రీని నమ్ముకోకండి

నేను మేస్త్రీ పద్ధతికి పూర్తిగా వ్యతిరేకం. నేరుగా చేర్చుకుంటే శ్రమ ఎక్కువ అంటారు, కానీ మేస్త్రీ జీతాలు ఇవ్వకుండా మాయమైతే ఆ జీతాలు కట్టాల్సింది అసలు ఓనరే. డబ్బు ఎలాగూ మీదే, బాధ్యత ఎలాగూ మీదే అయినప్పుడు మధ్యలో ఆయన ఎందుకు? తప్పదనుకుంటే లైసెన్సు ఉందో లేదో చూడండి, జీతాలు మాత్రం మీరే వారం వారం, శనివారం మధ్యాహ్నంలోపు, ఎవరి ఖాతాలోకి వాళ్లకు వేయండి. చేతికి డబ్బు ఎప్పుడొస్తుందో తెలిసిన మనిషికి పెద్ద అడ్వాన్స్ అక్కర్లేదు. కూలీలు నిలబడట్లేదని బయానా పెంచుకుంటూ పోయే మిల్లులకన్నా, వారానికోసారి ఠంచనుగా జీతం వేసే మిల్లులకే వాళ్లు మళ్లీ సీజన్‌కు తిరిగి రావడం చూస్తున్నాను.

6. మానేసేటప్పుడు

మీరు తీసేసినా, వాళ్లు మానేసినా రెండు పనిదినాల్లో జీతం లెక్క తేల్చాలి. షాపుల్లో ఆరు నెలలు దాటి చేసినవాళ్లను సరైన కారణం లేకుండా తీసేయకూడదు, నెల నోటీసు కాగితం మీద ఇవ్వాలి, లేదా నెల జీతం ఇవ్వాలి. లెక్క ముట్టినట్టు సంతకం తీసుకుని, మిగిలిన అడ్వాన్స్ ఎంతో, వదిలేశారో లేదో అదే కాగితంలో రాసి ఫైలులో పెట్టండి. మనిషి వెళ్లిపోయాడని ఆ ఫైలు పారేయకండి, ఫిర్యాదు నెలల తర్వాత కూడా రావచ్చు.