టీబీ సెంటర్లో హెచ్ఐవీ టెస్ట్ రాస్తే భయపడొద్దు

మొన్న ఆదోని వైపు నుంచి వచ్చిన ఒకామె టీబీ కార్డు పట్టుకొని సెంటర్ బయట మెట్ల మీద కూచోని ఏడుస్తా ఉంది, ఏమైందమ్మా అంటే లోపల హెచ్ఐవీ టెస్ట్ రాసినారంట, బయట ఒకాయన మూడొందలు ఇస్తే ఆ టెస్ట్ లేకుండానే మందులు ఇప్పిస్తా అన్నాడంట. ఆయనకు ఒక్క రూపాయి కూడా ఇయ్యొద్దండి.

మామూలు పని తెలిసిందే. కర్నూలు పెద్దాసుపత్రిలో అయినా మీ పీహెచ్‌సీలో అయినా తెమడ పరీక్షలో టీబీ తేలితే టీబీ రోగుల సర్కారు ఆన్‌లైన్ లిస్టు నిక్షయ్‌లో పేరు ఎక్కిస్తారు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సు, ఫోన్ నంబర్ తీసుకుపోండి. మందులు ఉచితం, పోషణకు నెలకు 1000 రూపాయలు ఖాతాలో పడతాయి, 2024 నవంబర్‌కి ముందు 500 ఉండేది.

అందరూ ఆగిపోయేది టెస్ట్ దగ్గరే. టీబీ తేలిన ప్రతి ఒక్కరికీ ఇది రాస్తారు, మీ నడత మీద అనుమానంతో కాదు. హెచ్ఐవీ ఉంటే రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గి టీబీ తొందరగా పట్టుకుంటుంది, అందుకే రెండూ చూస్తారు. ఐసీటీసీ (హెచ్ఐవీ సలహా, పరీక్ష చేసే) గదిలో కౌన్సిలర్ ముందు మాట్లాడి, మీరు సరే అంటేనే రక్తం తీయాలి, 2017లో వచ్చిన హెచ్ఐవీ చట్టం చెప్పేది అదే. వద్దన్నా టీబీ మందులు ఆపరు. చదవడం రాకపోతే పేపర్లో ఏముందో చదివించుకొని అప్పుడు వేలిముద్ర వెయ్యండి. ఎవరైనా వరండాలో అందరి ముందు అడిగితే "గదిలో మాట్లాడదాం మేడమ్" అనండి, తప్పేం లేదు. రిజల్ట్ ఊర్లో చెప్పే హక్కు ఎవరికీ లేదు.

ఒక్క కిట్‌తోనే హెచ్ఐవీ ఉంది అని తేల్చరు, వేరే వేరే కిట్లతో మూడుసార్లు చూస్తారు. ఉన్నా కూడా టీబీ మందులు అట్లే నడుస్తాయి, కొన్ని వారాల్లో హెచ్ఐవీకి వాడే మందులు, అంటే ఏఆర్‌టీ మొదలుపెడతారు, అదీ ఉచితమే. ఇప్పటికే ఏఆర్‌టీ వాడుతున్నవాళ్లు మాత్రం దయచేసి దాచొద్దు, టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ వల్ల ఏఆర్‌టీలో ఇచ్చే డోలుటెగ్రావిర్ మాత్ర బలం తగ్గిపోతుంది, తెలిస్తేనే కదా డాక్టర్ దాన్ని రోజుకు రెండుసార్లు చేసేది. ఇంకా ఏమైనా అడగాలంటే హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, టోల్‌ఫ్రీ.

ఆ రోజు ఆమెకు ఇదంతా చెప్పి కౌన్సిలర్ గది దాకా తోడు పోయినా. అరగంటకు మోచేతి దగ్గర దూది ఒత్తిపట్టుకొని బయటికి వచ్చి, "పాస్‌బుక్ జిరాక్సు యాడ తీస్తారన్నా?" అని అడిగింది.