వనామీ రొయ్యల చెరువులో విబ్రియో: శానిటైజర్ వేశాక మళ్లీ ఎందుకు తిరగబెడుతుంది?

విబ్రియోను చెరువులోంచి పూర్తిగా తీసేయడం కుదరదు, ఆ అవసరమూ లేదు. అది సముద్రపు నీటి బ్యాక్టీరియా. రొయ్య పెంకు మీద, పేగులో, విడిచిన కుబుసం మీద బతుకుతుంది. పెంకులోని కైటిన్‌ను కరిగించి తినేస్తుంది. నిక్షేపంగా ఉన్న రొయ్య పేగును ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచే ప్లేట్ మీద పెట్టినా విబ్రియో కాలనీలు (గుంపుగా పెరిగిన మచ్చలు) లేస్తాయి. కాబట్టి రిపోర్టులో విబ్రియో పేరు చూడగానే టెన్షన్ పడి మందుల షాపుకు పరుగెత్తకండి. అది ఎందుకు పెరిగిందో ముందు తేల్చుకోవాలి.

ఏ లక్షణం కనిపించినా మొదట చూడాల్సినవి

తెల్లవారుజామున నాలుగైదు గంటల మధ్య ఆక్సిజన్ చూడండి. మీటర్ గట్టు దగ్గర పైపైన ముంచి తీసేయకండి, అడుగు దాకా దింపండి. అక్కడ 4 పీపీఎం కంటే తక్కువ ఉంటే సగం కారణం దొరికినట్టే. తర్వాత చెక్ ట్రేలో (రొయ్య మేత తింటోందా లేదా తెలుసుకోవడానికి చెరువులో దించే పళ్లెం) మేత మిగులుతోందా చూడండి. చివరగా చెరువు మధ్యలో బురద తీసి వాసన చూడండి. నల్లగా ఉండి కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంటే మీరు వేసిన మేత రొయ్యకు కాకుండా బ్యాక్టీరియాకు పోతోంది. ఈ మూడూ చూడకుండానే ఫోన్ చేసి "ఏ మందు వేయమంటారండీ?" అని అడుగుతారు. దయచేసి ముందు ఇవి చూడండి.

తెల్లటి మలం తేలుతోంది

మంచి రొయ్య మలం మేత రంగులో ఉంటుంది, మునుగుతుంది. జబ్బు రొయ్యది తెల్లటి దారంలా తేలి, గాలి వాలుకు మూలకు చేరుతుంది. ఒక దారం తీసి మైక్రోస్కోప్ కింద పెడితే పురుగుల్లాంటి ఆకారాలు కనిపిస్తాయి. వాటిని గ్రెగరిన్లు (పేగులో ఉండే పరాన్నజీవులు) అనుకుని పురుగు మందు వేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అవి చాలాసార్లు పురుగులు కావు, రొయ్య లివర్ కణాల నుంచి ఊడి ముద్దకట్టిన పొర ముక్కలు. థాయ్‌లాండ్ పరిశోధకులు 2014లోనే ఈ సంగతి చూపించారు. లివర్ దెబ్బతింటోందని దాని అర్థం. మేత సగానికి తగ్గించండి, అడుగు బురద తోడించండి, ఈహెచ్‌పీ (రొయ్య లివర్‌లో పెరిగే సూక్ష్మ పరాన్నజీవి) ఉందేమో పీసీఆర్ (ల్యాబ్‌లో చేసే జన్యు పరీక్ష) చేయించండి.

రాత్రి నీళ్లు మెరుస్తున్నాయి

కదిపినప్పుడే మిణుకుమని ఆరిపోతే అది ప్లాంక్టన్. బకెట్‌లో కదలకుండా ఉంచినా చచ్చిన రొయ్య పచ్చటి కాంతితో వెలుగుతూనే ఉంటే అది విబ్రియో హార్వే జాతి. ఈ బ్యాక్టీరియా ఒకటీ అరా ఉన్నప్పుడు వెలగదు. గుంపు బాగా పెరిగాక, ఒకదాని రసాయన సంకేతం ఇంకొకదానికి అందాకే వెలుగుతుంది. అంటే మెరుపు కనిపించేసరికే సంఖ్య చేయి దాటుతోందన్నమాట.

శానిటైజర్ వేశాక రెండు రోజులు బాగుండి, మళ్లీ తిరగబెట్టింది

అందరినీ ముంచేది ఇదే. నీళ్లలోని క్రిములను చంపే శానిటైజర్‌గా బీకేసీ (బెంజాల్కోనియం క్లోరైడ్) అనే రసాయనమో అయోడినో వేస్తారు. మర్నాడు నీళ్ల శాంపిల్ ఇస్తే విబ్రియో కౌంట్ బాగా తగ్గి వస్తుంది, ఊపిరి పీల్చుకుంటారు. మూడో నాలుగో రోజున మేత మళ్లీ పడిపోతుంది, గట్టు పక్కన చచ్చిన రొయ్యలు కనిపిస్తాయి. డోసు చాలలేదనుకుని ఇంకోసారి వేస్తారు, పరిస్థితి ఇంకా దిగజారుతుంది.

డోసుది తప్పు కాదు. శానిటైజర్ నీళ్లలో తేలే బ్యాక్టీరియాను మంచీచెడూ చూడకుండా చంపుతుంది, ఆల్గేను కూడా దెబ్బతీస్తుంది. చచ్చిన ఆల్గే కుళ్లి, బతికినవాటికి మేతవుతుంది. రొయ్య పేగులో ఉన్న విబ్రియోకు, అడుగు బురదలో జిగురు పొర కట్టుకుని ఉన్న విబ్రియోకు మందు సరిగా తగలనే లేదు. పైగా దాని పెరుగుదల మహా వేగం. అనుకూలంగా ఉంటే అరగంట లోపే రెట్టింపవుతుంది. దానితో పోటీపడి తిండిని పంచుకునే బ్యాక్టీరియా నిదానంగా పెరిగే రకం, తేరుకోవడానికి రోజులు పడుతుంది. దున్ని వదిలేసిన పొలంలో ముందు కలుపే కదా లేచేది.

మర్నాటి రిపోర్టు మోసం చేసేదీ ఇందుకే. అది నీళ్ల సంగతి మాత్రమే చెప్పింది. రొయ్య పేగు, లివర్, అడుగు మట్టి కూడా కలిపి ఇవ్వండి, నాలుగో రోజున మళ్లీ ఇవ్వండి. ల్యాబ్ ప్లేట్ మీద గ్రీన్ కాలనీలు తగ్గి ఎల్లో వచ్చాయని కూడా పొంగిపోవద్దు. ఆ రంగు ప్లేట్‌లోని చక్కెరను వాడుకుందా లేదా అన్నదే చెబుతుంది, విషం ఉందో లేదో చెప్పదు.

చేయాల్సింది ఇది. శానిటైజర్ ఆపండి. మేత రెండు మూడు రోజులు సగం చేయండి. రాత్రంతా ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) తిప్పండి. సెంట్రల్ డ్రెయిన్ ఉంటే రోజూ బురద వదలండి. శానిటైజర్ వేసి మూడు రోజులు దాటాకే బాసిల్లస్ ప్రొబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా) వేయండి. అదే రోజు వేస్తే ఆ డబ్బు నీళ్లలో పోసినట్టే. వేసేటప్పుడు ఎండ ఉన్న పొద్దున, ఏరేటర్లు తిరుగుతుండగా వేయాలి, ఎందుకంటే అది కూడా ఆక్సిజన్ తాగుతుంది. ఒక్కసారి వేసి వదిలేయకుండా వారం వారం వేయాలి.

సీడ్ వదిలే ముందూ ఇదే పొరపాటు జరుగుతుంది. నీళ్లకు బ్లీచింగ్ కొట్టి, క్లోరిన్ వాసన పోగానే పిల్లను వదిలేస్తారు. ఆ నీళ్లు ఖాళీగా ఉన్నాయి, ముందు ఎవరు దిగితే వాళ్లదే రాజ్యం. క్లోరిన్ పోయాక ప్రొబయోటిక్ వేసి, నీటి రంగు నిలబడేదాకా ఆగి సీడ్ వదలండి.

మిగతా కారణాలు

ఈహెచ్‌పీ బ్యాక్టీరియా కాదు, దానికి మందు లేదు. సైజులు కలవకుండా పెరుగుతుంటే పీసీఆర్ చేయించి, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతున్నాయో) చూసుకుని పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) ఎప్పుడో నిర్ణయించుకోండి. మొదటి నెలలోనే లివర్ పాలిపోయి కుంచించుకుపోతే ఈఎంఎస్ (విషం విడిచే విబ్రియో వల్ల వచ్చే తొలిదశ మరణాల జబ్బు) అనుమానించండి. వైట్ స్పాట్ (తెల్ల మచ్చల వైరస్ జబ్బు) అయితే ఇక్కడ చెప్పినవేవీ పనిచేయవు. యాంటీబయోటిక్ జోలికి మాత్రం వెళ్లొద్దు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ నిషేధంలో ఉన్నాయి, వాటి అవశేషం దొరికితే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది.