మన ఆర్పీజీ మనమే చేసుకుందాం – 5వ పాఠం: లెవెల్ ఎన్ని ఫైట్లకు ఎక్కాలి?

పోయిన పాఠం అయిపోయేసరికి మన ఆర్పీజీకి (పాత్రను నడిపిస్తూ, ఫైట్లు చేస్తూ లెవెళ్లు ఎక్కే ఆట) ఖిలా వరంగల్ మ్యాపు నిలబడింది. బయట మట్టికోట, లోపల అగడ్త, దాని లోపల రాతికోట, నడుమ కీర్తి తోరణాలు. రాతిగోడకు 45 బురుజులు ఉన్నాయి కాబట్టి బురుజుకొక శత్రువును నిలబెట్టాం. అవన్నీ చుట్టి వచ్చాక తోరణం దగ్గర కాపలాదారు ఎదురవుతాడు. మన మొదటి బాస్, అంటే పెద్ద శత్రువు, అతనే. కత్తి ఆడుతోంది, ఎదుటివాడి హెచ్‌పీ (ప్రాణబలం) తగ్గుతోంది. లేనివల్లా లెవెళ్లే.

ఈ పాఠానికి కోడ్ అక్కర్లేదు. గూగుల్ షీట్ గానీ, లిబ్రే ఆఫీస్ కాల్క్ గానీ తెరవండి. ఆట తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఏదైనా, గోడో అయినా, ఆర్పీజీ మేకర్ అయినా, లెక్క మారదు.

కొత్తగా ఆట తయారుచేసేవాళ్లు చాలామంది ముందుగా ఎక్స్‌పీ (ఫైట్ గెలిస్తే వచ్చే అనుభవ పాయింట్లు, అవి నిండితే లెవెల్ ఎక్కుతారు) అంకెలు రాసుకుంటారు. రెండో లెవెల్‌కు 100, మూడోదానికి 250, నాలుగోదానికి 500 అని. ఆ 100కు అర్థమేమిటని అడిగితే జవాబు ఉండదు. ఆడేవాడికి ఎక్స్‌పీ తెలియదు. అతనికి తెలిసేవి రెండే: ఒక లెవెల్ ఎక్కడానికి ఎన్ని ఫైట్లు చేశాడు, ఒక శత్రువును పడగొట్టడానికి ఎన్ని దెబ్బలు వేశాడు. కాబట్టి షీట్‌లో ముందు నింపాల్సింది ఫైట్ల కాలమ్. ఎక్స్‌పీ దాని వెనకాల దానంతటదే వస్తుంది.

మొదటి కాలమ్‌లో లెవెల్, 1 నుంచి 10 దాకా. రెండో కాలమ్‌లో ఫైట్లు: లెవెల్‌కు 5 కలపండి. అంటే 1వ లెవెల్ దాటడానికి 6, 2వది దాటడానికి 7, అలా 7వది దాటడానికి 12. ఆ 5ను సూత్రంలో నేరుగా రాయకుండా పక్కన వేరే గడిలో పెట్టండి, కాసేపట్లో దాన్ని కదిలించాల్సి వస్తుంది. మూడో కాలమ్‌లో ఆ లెవెల్ శత్రువు ఇచ్చే ఎక్స్‌పీ: లెవెల్‌ను రెండింతలు చేసి 4 కలపండి. నాలుగో కాలమ్ ఈ రెండింటి గుణకారం. 1వ లెవెల్‌కు 6 సార్లు 6, అంటే 36. 5వ లెవెల్‌కు 10 సార్లు 14, అంటే 140.

ఇప్పుడు 5వ లెవెల్ ఆటగాడు మొదటి బురుజు దగ్గరే కూర్చుని చిన్న శత్రువులనే కొడుతున్నాడనుకోండి. ఒక్కో ఫైట్‌కు 6 ఎక్స్‌పీ చొప్పున 140 చేరాలంటే 24 ఫైట్లు. తనకు తగిన శత్రువుతో అయితే 10 చాలు. ఇలా ఉన్నచోటే శత్రువులను మళ్లీ మళ్లీ కొట్టి లెవెల్ పెంచుకోవడాన్నే గ్రైండింగ్ అంటారు. దాన్ని ఎవరూ నిషేధించలేదు. వెనకబడిన చోట చేస్తే గిట్టుబాటు కాదు, అంతే.

1986లో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్‌ది కూడా ఇదే తీరు. అందులో అన్నిటికన్నా బలహీనమైన శత్రువు స్లైమ్, ఒకదాన్ని కొడితే ఒక ఎక్స్‌పీ. రెండో లెవెల్‌కు 7 కావాలి, అంటే ఏడు స్లైమ్‌లు. చివరిదైన 30వ లెవెల్‌కు 65,535. రెండు బైట్లలో పట్టే అతి పెద్ద అంకె అదే. పాత మెషీన్ల మెమరీ ఎంత ఇరుకో అక్కడ కనిపిస్తుంది. ఆ ఆటలో నాకు అన్నిటికన్నా తెలివైనదిగా తోచేది ఇంకోటి ఉంది. చనిపోతే చేతిలో ఉన్న బంగారంలో సగం పోతుంది గానీ సంపాదించిన ఎక్స్‌పీ పోదు. ఓడినవాడు కూడా ఎంతో కొంత ముందుకే జరుగుతాడు. చేతి నేర్పు లేనివాడు సైతం ఓపికతో ఆట ముగించగలిగేలా దారి వదిలారు. గ్రైండింగ్‌ను తిట్టేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు.

ఇక దెబ్బలు. మన ఆటగాడి అటాక్: లెవెల్‌ను రెండింతలు చేసి 8 కలిపినంత. శత్రువు డిఫెన్స్: అతని లెవెల్‌కు 2 కలిపినంత. అటాక్‌లోంచి డిఫెన్స్ తీసేస్తే దెబ్బ. శత్రువు హెచ్‌పీ: లెవెల్‌కు మూడింతలు, పైన 18. ఏ లెవెల్‌లోనైనా సమానమైన శత్రువు సరిగ్గా మూడు దెబ్బలకు పడతాడు, చూసుకోండి. 5వ లెవెల్‌లో అటాక్ 18, డిఫెన్స్ 7, దెబ్బ 11, హెచ్‌పీ 33.

ఇక్కడే ఒక చిక్కుంది. 3వ లెవెల్‌వాడు 8వ లెవెల్ శత్రువు జోలికి పోతే? అటాక్ 14, డిఫెన్స్ 10, దెబ్బ 4. శత్రువు హెచ్‌పీ 42. పదకొండు దెబ్బలు వేయాలి. 1వ లెవెల్‌వాడికైతే 10లోంచి 10 పోతే సున్నా. పొద్దుందాకా కొట్టినా గీత కూడా పడదు. తీసివేత సూత్రం గుణం అది: లెవెల్ తేడా కొంచెమే ఉన్నా ఫలితంలో పెద్ద గోడ లేస్తుంది. మన ఆటలో గ్రైండింగ్ తప్పనిసరి అయిందంటే కారణం పట్టికలోనే కాదు, ఈ సూత్రంలో కూడా ఉండొచ్చు.

దానికి బదులు అటాక్‌ను అటాక్‌తోనే గుణించి, వచ్చినదాన్ని అటాక్, డిఫెన్స్ మొత్తంతో భాగించి చూడండి. అదే 3వ లెవెల్‌వాడికి 14 సార్లు 14, అంటే 196. దాన్ని 24తో భాగిస్తే ఎనిమిదికి కొంచెం ఎక్కువ. పదకొండు దెబ్బల పని ఆరుకు దిగింది. 8వ లెవెల్‌వాడికి మాత్రం ఎప్పటిలాగే మూడు దెబ్బలు. లెవెల్ పెరిగినవాడికి లాభం ఉంది, పెరగనివాడికి తలుపు మూసుకుపోలేదు. ఎక్కడికైనా తిరిగే స్వేచ్ఛ ఉన్న ఆటలకు ఈ భాగహారమే మంచిదని నా అభిప్రాయం. మన కోటకు దారి ఒకటే, కాబట్టి తీసివేతతోనే నడుద్దాం. నోటితో లెక్క వేసుకోవచ్చు కూడా. దెబ్బ ఒకటి కంటే తగ్గకూడదన్న షరతు మాత్రం పెట్టండి.

ఇప్పుడు కాపలాదారు. ఇతన్ని 8వ లెవెల్‌కు తగినట్టు చేద్దాం. డిఫెన్స్ 10, హెచ్‌పీ 210, అటాక్ 20. ఆటగాడి హెచ్‌పీ లెవెల్‌కు అయిదింతలు, పైన 20. డిఫెన్స్ లెవెల్‌కు 4 కలిపినంత. ముందు ఆటగాడి వంతు, తర్వాత బాస్ వంతు. ఒక మూలిక తింటే 40 హెచ్‌పీ తిరిగొస్తుంది, కానీ ఆ వంతులో కొట్టడానికి ఉండదు.

8వ లెవెల్‌వాడు 15 దెబ్బలు వేయాలి. బాస్ ఒక్కో దెబ్బకు 8 తీస్తాడు. పదిహేనో దెబ్బ పడేలోపు బాస్‌కు 14 వంతులు, అంటే 112 హెచ్‌పీ పోవాలి. ఉన్నది 60. ఒక మూలిక 40 ఇస్తుంది, కానీ తినే వంతులో 8 పోతుంది, మిగిలేది 32. లోటు 52. రెండు మూలికలు కావాలి. ఇదే లెక్క ఒక్కో లెవెల్‌కు వేస్తే ఇలా వస్తుంది:

6వ లెవెల్: 6 మూలికలు
7వ లెవెల్: 4
8వ లెవెల్: 2
9వ లెవెల్: 1
10వ లెవెల్: ఒక్కటీ అక్కర్లేదు

ఈ అయిదు వరుసలు మీ షీట్‌లో మీ చేత్తో రాబట్టాకే ముందుకు రండి. అన్ని వరుసలకూ సూత్రం ఒకటే, మారేది లెవెల్ గడి మాత్రమే.

ఇప్పుడు సంచిలో నాలుగు మూలికలే పడతాయని ఒక నియమం పెట్టండి. 8వ లెవెల్‌వాడికి రెండు మూలికల వెసులుబాటు. 7వ లెవెల్‌వాడు ఒక్క వంతు కూడా పాడుచేయకుండా ఆడితే గట్టెక్కుతాడు. 6వ లెవెల్‌వాడు ఎంత తెలివిగా ఆడినా చావాల్సిందే. సంచిని ఆరుకు పెంచితే అతనికీ దారి తెరుచుకుంటుంది. రెండుకు దించితే 7వ లెవెల్‌వాడికి కూడా మూసుకుంటుంది. ఆట కష్టాన్ని పెంచడానికీ తగ్గించడానికీ ఈ ఒక్క గడి చాలు. చాలా ఆటల్లో ‘హార్డ్’ అని ఎంచుకుంటే శత్రువుల హెచ్‌పీని రెట్టింపు చేసి చేతులు దులుపుకుంటారు. మన బాస్‌కు అలా చేస్తే 15 దెబ్బలు 30 అవుతాయి. నొక్కే బటన్ అదే, ఆలోచించేది ఏమీ పెరగలేదు. అది కష్టం కాదు, విసుగు.

ఇంతదాకా చేసిన ఆటను మా పక్కింటి పిల్లవాడి చేతిలో పెట్టాను. హనుమకొండలో ఇంటర్ చదువుతున్నాడు, ఫ్రీ ఫైర్ తప్ప వేరే ఆట ముట్టడు. కాసేపటికి వచ్చాడు. “అన్నా, గా తోరణం కాడోడు ఎంత కొట్టినా సస్తలేడు. మల్ల బురుజుల కాడికే వోయి కొట్టుకుంట కూసున్న. గిదేం ఆటనే?” అన్నాడు.

అతని బాధకు కారణం షీట్‌లోనే కనిపిస్తుంది. 8వ లెవెల్‌కు చేరాలంటే ఎన్ని ఫైట్లు కావాలి? 6 నుంచి 12 దాకా కూడితే 63. దారిలో మనం పెట్టినవి 45. అయిదో లెవెల్ దాటేసరికి 40 అయిపోతాయి, మిగిలిన అయిదుతో 6వ లెవెల్‌లో సగం కూడా నిండదు. అంటే కోట మొత్తం చుట్టి వచ్చినవాడు 6వ లెవెల్‌లో, సంచిలో నాలుగు మూలికలతో, ఆరు మూలికలు కావాల్సిన బాస్ ముందు నిలబడ్డాడు. ఇంకో 18 ఫైట్లు చేసి రమ్మని అతన్ని వెనక్కి పంపింది మన షీటే. బలవంతపు గ్రైండింగ్ ఎక్కడైనా ఇలాగే పుడుతుంది: దారిలో ఉన్న ఫైట్లు, బాస్ అడిగే ఫైట్లు, వాటి మధ్య తేడా. ఏ ఆటలోనైనా మీకు విసుగొచ్చిన చోట ఈ తీసివేత చేసి చూడండి.

దీనికి చాలామంది వేసే మందు శత్రువుల లెవెల్‌ను ఆటగాడి లెవెల్‌తోపాటు పెంచుకుంటూ పోవడం. 2006లో వచ్చిన ఎల్డర్ స్క్రోల్స్ ఆబ్లివియన్ ఆ పని చేసింది. ఆటగాడు పెద్ద లెవెల్‌కు చేరాక దారిదోపిడీ దొంగలు కూడా ఖరీదైన గ్లాస్ కవచాలు తొడుక్కుని ఎదురొచ్చారు. అంత కవచం అమ్ముకుంటే హాయిగా బతకొచ్చు కదా, దోపిడీ ఎందుకని ఆడినవాళ్లు నవ్వుకున్నారు. నవ్వు సంగతి ఎలా ఉన్నా అసలు నష్టం వేరే ఉంది. పెరిగినా పెరగకపోయినా ఫైట్ ఒకేలా ఉంటే లెవెల్ ఎందుకు ఎక్కాలి? మన కోటలో మొదటి బురుజువాడు చివరిదాకా మొదటి బురుజువాడిలాగే ఉండాలి. తిరిగొచ్చినప్పుడు ఒక్క దెబ్బకు పడాలి.

నేనైతే పక్కన పెట్టమన్న ఆ గడి తెరుస్తాను. 5ను 2 చేయండి. ఫైట్ల కాలమ్ 3, 4, 5 అని మొదలై 9 దాకా పోతుంది. మొత్తం 42. కోట చుట్టిన మనిషి మూడు ఫైట్లు మిగులుతూ 8వ లెవెల్‌లో తోరణం చేరతాడు. ఓ పది ఫైట్ల నుంచి పారిపోయి వచ్చినా 35 చేసి ఉంటాడు, 33కే 7వ లెవెల్ వచ్చేస్తుంది, నాలుగు మూలికలతో ప్రాణం మీదికి తెచ్చుకుని గెలుస్తాడు. మనకు కావాల్సిన బిగువు అదే. ఎక్స్‌పీ కాలమ్‌ను మీరు ముట్టుకోలేదు, అయినా అది మారిపోయింది, చూశారా? ఫైట్ల నుంచి మొదలుపెట్టమన్నది ఇందుకే.

రెండో దారి కూడా ఉంది: అంకెలు అలాగే ఉంచి, కావాల్సిన 18 ఫైట్లకు కొత్త చోటు చూపించడం. నర్సంపేట అవతల పాకాల చెరువు దాకా ఒక దారి వేయండి, అడవిలో కొత్త శత్రువులు, చెరువు కట్ట మీద ఒక ముసలి బోయవాడు, వాడి చేత ఒక కథ. అవే 18 ఫైట్లను ఎవరూ గ్రైండింగ్ అనరు. పని మాత్రం బాగా ఎక్కువ. బొమ్మలు గీసే స్నేహితుడు దొరికితే చేయండి.

కావాలని గ్రైండింగ్ చేసేవాళ్లను మాత్రం వదిలేయండి. పొద్దంతా కోచింగ్ క్లాసులో కూర్చుని వచ్చి, బుర్ర పక్కన పెట్టి ఓ పది మందిని కొట్టి పడుకునేవాడికి అదే హాయి. మన కొత్త పట్టికలో 8 నుంచి 10కి ఎక్కాలంటే 21 ఫైట్లు. ఆ ఓపిక ఉన్నవాడు మూలిక ముట్టకుండా బాస్‌ను కొట్టనీయండి, న్యాయమే. అలాంటివాళ్ల విసుగు తగ్గించే ఉపాయాలున్నాయి. 1994లో జపాన్‌లో వచ్చిన ఎర్త్‌బౌండ్‌లో మరీ బలహీనమైన శత్రువు తగిలితే ఫైట్ తెరే రాదు, గెలిచినట్టే లెక్క. బ్రేవ్లీ డిఫాల్ట్‌లో దారిలో శత్రువులు ఎంత తరచుగా తగలాలో ఆటగాడే పెంచుకోవచ్చు, పూర్తిగా ఆపేయవచ్చు.

ఎక్కువసేపు ఆడితే ఎక్స్‌పీ కోస్తామని మాత్రం ఎప్పుడూ చెప్పకండి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వాళ్లు విడుదలకు ముందు పరీక్ష దశలో అదే చేశారు: అలిసిపోయిన పాత్రకు సగం ఎక్స్‌పీ. ఆడేవాళ్లు మండిపడ్డారు. అప్పుడు ఆ సగాన్నే మామూలు అని పిలిచి, విశ్రాంతి తీసుకుని వచ్చినవాడికి రెట్టింపు అన్నారు. లెక్క అదే, తిట్లు మాత్రం ఆగిపోయాయి.

ఇంటిపని. ఆటను ఇంట్లో ఒకరికి ఇవ్వండి, పక్కన కూర్చోండి, నోరు మెదపకండి. మూడు సంగతులు రాసుకోండి: తోరణం చేరేసరికి ఏ లెవెల్, సంచిలో ఎన్ని మూలికలు, వచ్చిన దారినే ఎన్నిసార్లు వెనక్కి నడిచారు. మూడోది సున్నా కాకపోతే ఫైట్ల కాలమ్‌ను మళ్లీ కూడండి. ఆరో పాఠంలో కాపలాదారు ప్రతి నాలుగో వంతులో గదను తలపైకి ఎత్తుతాడు. అది చూసి డాలు అడ్డం పెట్టినవాడికి 6వ లెవెల్‌లో ఎన్ని మూలికలు మిగులుతాయో లెక్క కడదాం, ఈ షీట్‌ను దాచి ఉంచండి.